రోదసిలో ఔషధాల తయారీ

2020 జనవరిలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అనే సుప్రసిద్ధ వైద్యపత్రిక ఒక రోగి వృత్తాంతాన్ని ప్రచురించింది. రోగి పేరు గాని, ఆ సంఘటన జరిగిన కాలం గాని అందులో వెల్లడి కాలేదు. రోగి ఉన్న చోటు మాత్రం వైద్యచరిత్రకే కొత్తది. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమిస్తున్న అంతర్జాతీయ రోదసీ కేంద్రంలో ఆ చికిత్స జరిగింది.

ఆరు నెలల యాత్రలో అప్పటికి రెండు నెలలు గడిచాయి. భారరహిత స్థితిలో రక్తనాళాలు ఏ విధంగా మార్పు చెందుతాయో తెలుసుకొనే పరిశోధనలో భాగంగా ఆ వ్యక్తి మెడను అతిధ్వని తరంగాల పరికరంతో పరీక్షించగా, ఎడమవైపు సిరలో రక్తం గడ్డకట్టి ఉన్నట్లు కనిపించింది. బాధ గాని, వాపు గాని లేవు. అయినా ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులను చేరితే ప్రాణాపాయం సంభవించవచ్చు. కేంద్రంలోని మందుల పెట్టెలో ఇనాక్సాపారిన్ అనే సూదిమందు ఉన్నది. రక్తం గడ్డకట్టకుండా నిరోధించేది అదే. కాని ఉన్నవి కొద్ది సీసాలు మాత్రమే. భూమి మీది వైద్యులు ఒక్కొక్క మోతాదును లెక్కవేశారు. 33 రోజుల తరువాత మోతాదును తగ్గించి, తదుపరి సరుకు నౌక వచ్చేవరకు మందు సరిపోయేటట్లు చూశారు. చికిత్స ఆరంభమైన దాదాపు ఆరు వారాలకు నౌక చేరింది. అపిక్సాబాన్ అనే మాత్రలను తెచ్చింది. రోగి క్షేమంగా భూమికి తిరిగివచ్చారు.

ఈ వృత్తాంతం సుఖాంతమైనదంటే దానికి ముఖ్యకారణం సరుకు నౌక. భూకక్ష్యలో ఉన్నవారికి కొద్ది వారాలలోనో, నెలలలోనో ఏదో ఒక నౌక అందుతుంది. మరీ అవసరమైతే కొన్ని గంటలలో భూమికి దిగిరావచ్చు. అదే వ్యక్తి కుజగ్రహం దారిలో ఉన్నట్లయితే? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ బయలుదేరినదే రోదసిలో ఔషధాలను అప్పటికప్పుడు తయారుచేసుకొనే శాస్త్రం.

మందుల పెట్టెకు గల పరిమితులు

కుజగ్రహానికి, భూమికి మధ్య దూరం స్థిరమైనది కాదు. అది సుమారు 5.5 కోట్ల కిలోమీటర్ల నుండి 40 కోట్ల కిలోమీటర్ల వరకు మారుతూ ఉంటుంది. నేటి నౌకలకు అక్కడికి చేరడానికి ఆరు నుండి తొమ్మిది నెలలు పడుతుంది. రెండు గ్రహాలు యాత్రకు అనువైన స్థానాలకు వచ్చేది సుమారు 26 నెలలకు ఒకసారి మాత్రమే. అందువల్ల పోయి రావడానికి మొత్తం రెండున్నర నుండి మూడు సంవత్సరాలు కావాలని అంచనా. ఈ మధ్యకాలంలో ‘మందు పంపండి’ అని కబురు చేయడానికి వీలున్నది. ఆ కబురు మూడు నుండి ఇరవైరెండు నిమిషాలలో భూమికి చేరుతుంది కూడా. మందు మాత్రం చేరదు.

అయితే మూడేళ్లకు సరిపడే మందులను ముందే నింపుకొని పోరాదా అని ఎవరికైనా తోస్తుంది. ఇక్కడ అడ్డువచ్చేది కాలం. ప్రతి మందుకూ గడువు ఉన్నది. రోదసీ కేంద్రంలో వాడే మందుల జాబితాను అమెరికా పరిశోధకులు పరిశీలించి 2024లో ఒక లెక్క ప్రకటించారు. గడువు వివరాలు తెలిసిన 91 మందులలో 54 మందుల ఆయుష్షు 36 నెలలు గాని, అంతకంటె తక్కువ గాని ఉన్నట్లు అందులో తేలింది. అనగా కుజయాత్ర ముగిసేలోగా సగానికి పైగా మందులు గడువు దాటిపోతాయి. గడువు దాటిన మందు తప్పక చెడిపోతుందని కాదు. చెడిపోలేదని నమ్మి వాడే ఆధారం మాత్రం ఉండదు.

రోదసిలో మందులు మరికొంత వేగంగా క్షీణిస్తాయనడానికి కూడా సాక్ష్యం ఉన్నది. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో 35 రకాల మందులను కేంద్రంలో 28 నెలల వరకు ఉంచి, అదే కాలం భూమి మీద నిలువ ఉంచినవాటితో పోల్చి చూశారు. ప్రమాణానికి తగ్గిపోయినవి రోదసికి వెళ్ళివచ్చిన వాటిలోనే ఎక్కువగా ఉన్నాయి. భూమి అయస్కాంత క్షేత్రపు రక్షణను దాటి పోయిన నౌక మీద విశ్వకిరణాల తాకిడి మరింత హెచ్చు.

జీవౌషధం అంటే ఏమిటి?

మందులన్నీ ఒక జాతివి కావు. తలనొప్పికి వేసుకొనే ఆస్పిరిన్ అణువులో ఉన్న పరమాణువులు 21 మాత్రమే. దానిని రసాయనశాలలో కూర్చవచ్చు. మాత్రగా చేసి పొడిచోట ఉంచితే చాలాకాలం నిలుస్తుంది. మధుమేహానికి ఇచ్చే ఇన్సులిన్ అణువు అటువంటిది కాదు. 51 ఎమినో ఆమ్లాలు వరుసగా కూడి, నిర్దిష్టమైన రూపంలో ముడుచుకొంటే గాని అది ఇన్సులిన్ కాదు. అందులో 788 పరమాణువులు ఉన్నాయి. రోగనిరోధక ప్రతిదేహాలలో ఈ సంఖ్య ఇరవై వేల ప్రాంతానికి చేరుతుంది. ఇటువంటి మాంసకృత్తులను కూర్చే పని జీవకణానికి తెలిసినంతగా ఏ రసాయనశాలకూ తెలియదు. జీవుల ద్వారా గాని, జీవకణాల యంత్రాంగం ద్వారా గాని తయారయ్యే ఇటువంటి మందులే జీవౌషధాలు.

1922 జనవరిలో కెనడాలోని టొరాంటో నగరంలో తొలిసారి ఒక మధుమేహ బాలునికి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తరువాత ఆరు దశాబ్దాల పాటు లోకానికి ఇన్సులిన్‌ను అందించినవి పశువుల, పందుల క్లోమగ్రంథులు. 1982లో ఈ స్థితి మారింది. మానవ ఇన్సులిన్ జన్యువును పొందిన సూక్ష్మజీవులు తయారుచేసిన ఇన్సులిన్‌కు ఆ ఏడాది అమెరికాలో అనుమతి లభించింది. సూక్ష్మజీవిని మనిషి మందుల పనివానిగా కుదుర్చుకొన్న కాలం అప్పటి నుండి ఆరంభమైనదని చెప్పవచ్చు.

రోదసీ యాత్రికులకు జీవౌషధాల అవసరం రెండు విధాల ఏర్పడుతుంది. భారరహిత స్థితిలో శరీరభారాన్ని మోసే ఎముకలు నెలకు సుమారు ఒక శాతం చొప్పున సాంద్రతను కోల్పోతాయి. ఎముకలను తిరిగి నిర్మించే ఔషధాలలో పారాథైరాయిడ్ హార్మోను భాగమైన టెరిపారటైడ్ ఒకటి. రెండవది వికిరణ ప్రమాదం. సూర్యుని నుండి హఠాత్తుగా వెలువడే కణాల తుఫానుకు గురైతే ఎముక మూలుగ దెబ్బతిని, తెల్ల రక్తకణాలు తగ్గిపోవచ్చు. ఆ కణాలను తిరిగి పెంచే జి.సి.ఎస్.ఎఫ్. అనే మాంసకృత్తును వికిరణ రోగానికి వాడడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో అనుమతించింది.

ఈ మందుల మోతాదును గమనిస్తే ఒక విశేషం తెలుస్తుంది. టెరిపారటైడ్ రోజువారీ మోతాదు 20 మైక్రోగ్రాములు. ఒక మనిషికి ఏడాది పొడవునా ఇచ్చినా అసలు మందు ఎనిమిది మిల్లీగ్రాములకు మించదు. వికిరణ రోగానికి జి.సి.ఎస్.ఎఫ్. రోజుకు ఒక మిల్లీగ్రాము కూడా పట్టదు. కాబట్టి మోయవలసినది మందు బరువు కాదు. దానిని ఎల్లవేళలా 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచే ఏర్పాటును మోయాలి. గడువు ముగిసినప్పుడు మారు మందు సమకూర్చుకోవాలి. అన్నిటికన్న ముఖ్యంగా, ఏ జబ్బు వస్తుందో ముందుగా తెలియనందున అన్ని మందులనూ మోయాలి. చిక్కంతా ఇక్కడ ఉన్నది.

తోడు ఉంటే పెరుగు దొరుకుతుంది

దూరప్రయాణానికి బయలుదేరేవారు మూడేళ్లకు సరిపడే పెరుగును కుండలలో మోసుకొనిపోరు. చెంచాడు తోడు చెడకుండా దాచుకొంటే, పాలు దొరికినప్పుడల్లా పెరుగు తయారవుతుంది. రోదసీ ఔషధ శాస్త్రం చేస్తున్న ఆలోచన కూడా ఇదే. మందును గాక, మందు చేసే శక్తిని వెంట తీసుకొనిపోవాలి. ఆ శక్తి ఎండిన స్థితిలో నిద్రించాలి. అవసరమైన రోజున నీరు తగిలి మేలుకోవాలి. ఇందుకు నేడు మూడు మార్గాలను పరిశోధిస్తున్నారు.

మొదటిది సజీవ సూక్ష్మజీవుల మార్గం. అమెరికా రోదసీ సంస్థ నాసాకు చెందిన ఏమ్స్ పరిశోధనా కేంద్రం 2019లో ‘బయోన్యూట్రియెంట్స్’ అనే ప్రయోగాన్ని రోదసీ కేంద్రానికి పంపింది. చిన్న సంచులలో ఎండిన ఈస్ట్‌ను, దానికి తగిన ఆహారాన్ని ఉంచారు. కంటి ఆరోగ్యానికి తోడ్పడే జియాజాంతిన్ అనే పోషకాన్ని తయారుచేసేటట్లు ఆ ఈస్ట్ జన్యువులను ముందే మార్చారు. యాత్రికులు సంచిలో నీరు పోసి, 48 గంటలు వెచ్చగా ఉంచి, ఆపై గడ్డకట్టించి, పరీక్ష కోసం భూమికి పంపాలి. ఒకేసారి గాక ఏడాదులు గడిచేకొద్దీ ఒక్కొక్క జట్టు సంచులను తెరిచి, నిలువ ఉన్న ఈస్ట్ ఎన్నాళ్ళు సజీవంగా ఉంటుందో చూడడం ఈ అయిదేళ్ళ ప్రయోగపు ముఖ్యోద్దేశం. 2022లో పంపిన రెండవ ప్రయోగంలో పెరుగు కూడా చేరింది. ఈ సంచులలో తయారయ్యేది మందు కాదు, పోషకం. అయినా మందుకు కావలసిన మొదటి మెట్టు ఇదే.

ఎండిన స్థితిలో జీవశక్తిని దాచడంలో ప్రకృతికి బాసిలస్ సబ్టిలిస్ అనే సూక్ష్మజీవి గొప్ప ఉదాహరణ. ప్రతికూల పరిస్థితులలో అది గట్టి పెంకు గల సిద్ధబీజంగా మారుతుంది. 1984లో కక్ష్యలో ఉంచి 1990లో తిరిగి తెచ్చిన ఒక ఉపగ్రహంలో, అతినీలలోహిత కిరణాలు సోకకుండా కాపాడిన సిద్ధబీజాలలో అనేకం దాదాపు ఆరేళ్ళ తరువాత కూడా మొలకెత్తాయి. ఇటువంటి దీర్ఘాయుష్షు గల బీజాలకు మందుల జన్యువులను అమర్చాలనే ఆలోచన నాసా పరిశోధకుల ప్రణాళికలలో ఉన్నది.

ఈస్ట్ జాతులలో పికియా పాస్టోరిస్ అనేది ఈ రంగంలో ప్రత్యేక స్థానం సంపాదించింది. అది త్వరగా పెరుగుతుంది. తాను చేసిన మాంసకృత్తును బయటి ద్రవంలోకి విడిచిపెడుతుంది. అందువల్ల శుద్ధి చేయడం కొంత సులభం. 2018లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు ఈ ఈస్ట్‌తో బల్ల మీద ఇమిడే యంత్రాన్ని నడిపి, మానవ వృద్ధి హార్మోను, ఇంటర్‌ఫెరాన్, జి.సి.ఎస్.ఎఫ్. అనే మూడు ఔషధాలను తయారుచేశారు. వందల నుండి వేల మోతాదుల మందు సుమారు మూడు రోజులలో సిద్ధమైనది. ఈ ఈస్ట్ తెలుగు దేశానికి కొత్తది కాదు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా దీనితో తయారైనదే. జన్యుమార్పిడి పద్ధతిలో భారతదేశంలో రూపొందిన తొలి టీకా అది.

కణం లేకుండా కణం పని

రెండవ మార్గంలో ప్రాణం ఉన్న కణంతో పని లేదు. సూక్ష్మజీవులను పగులగొట్టి, గోడలను, శకలాలను తొలగించి, మాంసకృత్తులను కూర్చే రైబోసోములను, ఎంజైములను మాత్రం మిగుల్చుకొంటారు. ఎమినో ఆమ్లాలను, శక్తినిచ్చే పదార్థాలను చేర్చి, ఆ రసాన్ని గడ్డకట్టించి తేమను పీల్చివేస్తే ఎండు గుళికలు తయారవుతాయి. కావలసిన మందుకు సంబంధించిన డి.ఎన్.ఎ.ను, నీటిని చేర్చగానే గుళికలోని యంత్రాంగం మేలుకొని, ఆ ఆదేశాన్ని చదివి మాంసకృత్తును కూరుస్తుంది. గుళిక ఒకటే; డి.ఎన్.ఎ. మారితే మందు మారుతుంది. ఏ జబ్బు వస్తుందో తెలియని ప్రయాణానికి ఇంతకన్న అనువైన గుణం లేదు.

ఈ కణరహిత విధానం వెనుక ఒక ఘనమైన చరిత్ర ఉన్నది. 1961లో అమెరికాలో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మాథై అనే శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవుల రసంలో ఒకే అక్షరం పునరావృతమయ్యే ఆర్.ఎన్.ఎ.ను కలిపి, ఒకే ఎమినో ఆమ్లంతో కూడిన గొలుసును పొందారు. జన్యుసంకేతంలోని మొదటి పదం ఆ విధంగా తెలిసింది. మిగిలిన పదాలను విప్పడంలో ప్రముఖ పాత్ర వహించినవారు అవిభక్త పంజాబులోని రాయ్‌పూర్ గ్రామంలో 1922లో జన్మించి, లాహోరులో చదివి, అమెరికాలో స్థిరపడిన హరగోవింద ఖొరానా. అక్షరక్రమం ముందే తెలిసిన కేంద్రకామ్లాలను ఆయన ప్రయోగశాలలో కూర్చి, ఏ వరుస ఏ ఎమినో ఆమ్లానికి గుర్తో నిర్ణయించారు. 1968లో నిరెన్‌బర్గ్, రాబర్ట్ హోలీలతో పాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆనాడు ప్రకృతి రహస్యాన్ని చదవడానికి వాడిన సాధనమే నేడు మందును వ్రాయడానికి ఉపకరిస్తున్నది.

2016లో హార్వర్డ్, మసాచుసెట్స్ సంస్థల పరిశోధకులు ఇటువంటి ఎండు గుళికలతో టీకాలకు కావలసిన మాంసకృత్తులను, ప్రతిదేహ శకలాలను తయారుచేసి చూపారు. 2018లో మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖలో గోవింద్ రావు బృందం పెట్టెలో ఇమిడే యంత్రంతో జి.సి.ఎస్.ఎఫ్. వంటి మందులను ఒక రోజులో తయారుచేసి, శుద్ధి కూడా చేయగలిగింది. ఎండు గుళికలు రోదసిలో పనిచేస్తాయా అన్న సందేహం కూడా తీరింది. అంతర్జాతీయ కేంద్రంలో యాత్రికులు వాటికి నీరు చేర్చి, వెలుగునిచ్చే ఒక మాంసకృత్తును పొందినట్లు 2024లో ప్రచురితమైన పరిశోధన తెలుపుతున్నది.

తినే ఆకులో ఔషధం

మూడవది మొక్కల మార్గం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని పరిశోధకులు లెట్యూస్ అనే ఆకుకూరలో పారాథైరాయిడ్ హార్మోనును, ప్రతిదేహంలోని ఒక భాగంతో జోడించి, తయారయ్యేటట్లు చేశారు. ఆ జోడింపు వలన హార్మోను రక్తంలో ఎక్కువకాలం నిలుస్తుంది. 2022లో వారు వెల్లడించిన ప్రకారం కిలో పచ్చి ఆకులో 10 నుండి 12 మిల్లీగ్రాముల మందు తయారవుతున్నది; నోటి ద్వారా తీసుకొంటే ఒక యాత్రికుడు రోజుకు సుమారు 380 గ్రాముల ఆకు తినవలసి ఉంటుంది. ఇది ఒక మనిషి రోజూ తినడానికి చాలా ఎక్కువ. అందుచేత ఆకులో మందు పరిమాణాన్ని పెంచడం వారి తదుపరి కర్తవ్యమైనది.

మొక్కల మార్గంలో గల లాభం విత్తనాల అల్పత్వం. చిన్న సీసాలో వేల విత్తనాలు ఇముడుతాయి. పైగా రోదసిలో లెట్యూస్ పండించి తినడం 2015 ఆగస్టులోనే జరిగింది. నష్టం కాలవిలంబం. ఎముకల క్షీణత వంటి నెమ్మదైన జబ్బుకు వారాల తరబడి పెరిగే మొక్క సరిపోతుంది. సూర్యకణాల తుఫానుకు గురైన మనిషికి అంత వ్యవధి ఉండదు. అక్కడ ఎండు గుళికే శరణ్యం. కాబట్టి మూడు మార్గాలూ ఒకదానికొకటి పోటీ కావు.

చేయడం కన్న నమ్మడం కష్టం

పెరుగు తోడుకొన్నదో లేదో చూడడానికి నాలుక చాలు. రక్తంలోకి ఎక్కించే మందుకు అటువంటి పరీక్ష చాలదు. రోదసీ ఔషధ శాస్త్రానికి అసలైన సమస్య ఇక్కడే ఎదురవుతున్నది.

మొదట భారరహిత స్థితి తెచ్చే చిక్కులు చూడాలి. భూమి మీద ఈస్ట్‌కు ప్రాణవాయువు అందించడానికి తొట్టి అడుగు నుండి గాలిబుడగలు వదులుతారు. అవి పైకి లేస్తూ ద్రవాన్ని కలియబెడతాయి. రోదసిలో బుడగకు పైకి పోవడమనేది లేదు. ఎక్కడ పుట్టినది అక్కడే నిలుస్తుంది. వేడి ద్రవం పైకి, చల్లని ద్రవం కిందికి కదలడం కూడా ఉండదు. సీసాలోని మందును సూదిలోకి తీసుకోవడం కూడా శ్రమతో కూడిన పనే. అందువల్ల అక్కడి పరికరాలను వేరే విధంగా రూపొందించాలి.

తరువాతిది శుద్ధి. సూక్ష్మజీవుల రసంలో మందుతో పాటు వందలాది ఇతర మాంసకృత్తులు ఉంటాయి. ఇ.కోలై జాతి సూక్ష్మజీవుల గోడల నుండి వచ్చే ఎండోటాక్సిన్ అనే పదార్థం అతిస్వల్పంగా రక్తంలో చేరినా తీవ్రజ్వరం, రక్తపోటు పడిపోవడం వంటి ప్రమాదాలు కలుగుతాయి. దానిని తొలగించడానికి వడపోత గొట్టాలు, లవణ ద్రావణాలు, శుభ్రమైన నీరు కావాలి. నీటి బొట్టు బొట్టునూ తిరిగి వాడుకొనే నౌకలో ఇవన్నీ లెక్కకు వస్తాయి.

చివరిది పరీక్ష. 2007-08లో జరిగిన ఒక ఉదంతం దీని ప్రాముఖ్యాన్ని తెలుపుతుంది. పందుల పేగుల నుండి తీసే హెపారిన్ అనే మందులో, చూడడానికి అచ్చు అటువంటిదే అయిన ఒక చవక పదార్థం కలిసింది. అప్పటికి వాడుకలో ఉన్న పరీక్షలు దానిని పసిగట్టలేకపోయాయి. అమెరికాలో, ఇతర దేశాలలో పలువురు రోగులు తీవ్రప్రతిక్రియకు గురి అయ్యారు, మరణాలు సంభవించాయి. ఆ తరువాతనే పరీక్షా ప్రమాణాలను కఠినతరం చేశారు. సువ్యవస్థితమైన కర్మాగారాలు, ప్రయోగశాలలు ఉన్న భూమి మీదనే ఇటువంటిది జరిగినప్పుడు, నలుగురైదుగురు మాత్రమే ఉండే నౌకలో చేసిన మందును నమ్మడం ఎట్లా? భూమి మీద ఒక విడత జీవౌషధాన్ని పరీక్షించడానికి వారాలు పడుతుంది. రోదసిలో రోగి పక్కనే వేచి ఉంటాడు.

ఇందులో కూడా తొలి అడుగులు పడ్డాయి. రాచపీత రక్తం నుండి తీసిన పదార్థం ఎండోటాక్సిన్ తగలగానే గడ్డకడుతుంది. ఈ గుణం మీద ఆధారపడిన చేతిలో ఇమిడే పరికరాన్ని 2006 డిసెంబరులో రోదసీ కేంద్రానికి పంపారు. 2007లో భారతసంతతికి చెందిన యాత్రికురాలు సునీతా విలియమ్స్ దానితో కేంద్రంలోని ఉపరితలాలను పరీక్షించారు. భూమికి నమూనా పంపనవసరం లేకుండా పావుగంటలో ఫలితం తెలిసింది. 2016లో కేట్ రూబిన్స్ అనే యాత్రికురాలు కేంద్రంలోనే డి.ఎన్.ఎ. అక్షరక్రమాన్ని చదివారు. ఈస్ట్ జన్యువు వికిరణం వలన మారిపోయినదో లేదో తెలుసుకోవడానికి ఈ విద్య అవసరం.

ఇంకొక పరిమితిని కూడా దాచరాదు. ఈ వ్యాసారంభంలో చెప్పిన రోగికి ఇచ్చిన ఇనాక్సాపారిన్‌ను హెపారిన్ నుండి తయారుచేస్తారు. హెపారిన్ మాంసకృత్తు కాదు, శర్కరల గొలుసు. డి.ఎన్.ఎ. ఆదేశాన్ని చదివి నేరుగా కూర్చగలిగినవి మాంసకృత్తులు మాత్రమే. అనగా ఎండు గుళికల పెట్టె సిద్ధంగా ఉన్నా, ఆ రోగికి ఆ మందు అందులో దొరికేది కాదు. రక్తం గడ్డకట్టకుండా ఆపే మాంసకృత్తు జాతి మందు వేరొకటి ఎంచుకోవలసి వచ్చేది. కాబట్టి రోదసీ ఔషధశాల మందుల పెట్టెకు బదులుగా రాదు. దాని పక్కన నిలుస్తుంది. మాత్రలుగా నిలువ ఉండేవి పెట్టెలో ఉంటాయి. నిలువ ఉండనివి అవసరమైననాడు తయారవుతాయి. రోదసిలో ఇంతవరకు జరిగినవి ప్రయోగాలే. అక్కడ తయారైన జీవౌషధం రోగి శరీరంలోకి వెళ్ళే రోజుకు ముందు శుద్ధి, పరీక్ష అనే రెండు మెట్లు ఎక్కవలసి ఉన్నది.

భారతదేశం, భూమి మీది అవసరం

1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో సల్యూట్-7 కేంద్రానికి వెళ్ళినప్పుడు రోదసిలో ఎనిమిది రోజులకు కొంచెం తక్కువ కాలం ఉన్నారు. 2025 జూన్ 25న బయలుదేరిన శుభాంశు శుక్లా అంతర్జాతీయ కేంద్రంలో 18 రోజులు గడిపి, జూలై 15న తిరిగివచ్చారు. ఆయన చేసిన భారతీయ ప్రయోగాలలో పెసలు, మెంతులు మొలకెత్తించడం, సూక్ష్మ శైవలాలను పెంచడం ఉన్నాయి. ఇవి ఔషధ తయారీ ప్రయోగాలు కావు. అయితే రోదసిలో విత్తనం, సూక్ష్మజీవి ఎట్లా ప్రవర్తిస్తాయో తెలియకుండా వాటిచేత మందు చేయించడం సాధ్యం కాదు. 2035 నాటికి స్వదేశీ రోదసీ కేంద్రం నెలకొల్పాలని భారతదేశం లక్ష్యం పెట్టుకొన్నది. అక్కడ నెలల తరబడి నివసించేవారి ఆరోగ్యం మన వైద్యశాస్త్రజ్ఞుల బాధ్యత అవుతుంది.

ఈ పరిశోధన ఫలం రోదసికే పరిమితమైనది కాదు. సార్వత్రిక టీకాల కార్యక్రమం మనదేశంలో 1985లో ఆరంభమైన నాటి నుండి ఆరోగ్య కార్యకర్తలు మంచు పలకలు పెట్టిన పెట్టెలను భుజాన వేసుకొని ఏజెన్సీ గూడేలకు, ఎడారి పల్లెలకు, హిమాలయ గ్రామాలకు నడుస్తున్నారు. పొడి రూపంలో ఉండే తట్టు టీకాలో ద్రావణం కలిపిన క్షణం నుండి నాలుగు గంటలలోగా దానిని పిల్లలకు ఇచ్చివేయాలి, మిగిలినది పారవేయవలసినదే. ఎండిన స్థితిలో నిలువ ఉండడం, తడి తగిలిన పిదప త్వరపడడం అనే ఈ ధర్మం రోదసీ యాత్రికునికి, గూడెంలోని కార్యకర్తకు సమానమే. చల్లదనం అక్కరలేని ఎండు గుళిక, పావుగంటలో శుద్ధిని తెలిపే పరికరం, పెట్టెలో ఇమిడే ఔషధశాల కుజయాత్రకు ఎంత అవసరమో, వరదలో దారులు తెగిపోయిన ఊరి ఆసుపత్రికి అంతే అవసరం.

ఆ రోగికి నౌక అందేవరకు మోతాదులు లెక్కపెట్టుకొంటూ గడిపిన వారాలు వైద్యులకు ఒక పాఠం నేర్పాయి. మందు ఉన్నదా అన్న ప్రశ్నకు తోడు, మందు అయిపోతే ఏమి చేయాలి అన్న ప్రశ్నను కూడా ప్రయాణానికి ముందే అడగాలి. చెంచాడు తోడును చెడకుండా దాచడం, తోడుకొన్నది నిజంగా పెరుగేనని నిర్ధారించుకోవడం అనే రెండు విద్యలూ చేతికి వచ్చిననాడు ఆ ప్రశ్నకు సమాధానం లభిస్తుంది.